కాలనీ తోట మొదటి వేసవి దాటాలంటే

అందరికీ నమస్కారం.

హైదరాబాద్ కాలనీల్లో కూరగాయల తోట మొదలుపెట్టడం పెద్ద కష్టం కాదు. మృగశిర కార్తెలో నాలుగు చినుకులు పడగానే అందరికీ ఉత్సాహం వస్తుంది. ఏప్రిల్ వచ్చేసరికి ఆ మడుల్లో గరిక, తుంగ తప్ప ఏమీ మిగలవు. తప్పు మట్టిదీ కాదు, పురుగుదీ కాదు. చాలాచోట్ల నీళ్ల లెక్క ముందే వేసుకోకపోవడం.

10 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉన్న ఒక మడికి మామూలు రోజుల్లో సుమారు 20 లీటర్లు పోయాలి. మే నెలలో 30 దాకా కావాలి. పది మడులుంటే రోజుకు 300 లీటర్లు. అదీ బోర్లు ఎండి, ట్యాంకర్ కోసం ఫోన్లు చేసే రోజుల్లో! అందుకే మొదటి ఏడు నాలుగు మడులు చాలు. మట్టి మీద మూడు అంగుళాల మందాన ఎండుటాకులు గానీ వరిగడ్డి గానీ పరచండి. మార్చి నుంచి వానలు పడేదాకా 50 శాతం షేడ్‌నెట్ (ఎండను సగానికి తగ్గించే వల) కట్టండి.

ఇక నీళ్లు పోసేదెవరు? అందరూ పోస్తారులే అనుకుంటే ఎవరూ పోయరు. లేదా ఒకే రోజు ముగ్గురు పోసి వేళ్లు కుళ్లబెడతారు. వారానికి ఒక ఇంటికి అప్పగించి, కుళాయి దగ్గర ఒక నోటుబుక్కు వేలాడదీయండి. పోసినవాళ్లు టిక్కు పెట్టాలి.

స్థలం విషయం. లేఅవుట్‌లో పార్కుకు వదిలిన జాగా సాధారణంగా మున్సిపాలిటీకి అప్పగించినదే అయి ఉంటుంది. కాగితం మీద అనుమతి తీసుకున్నాకే గునపం పట్టండి. ఎండ రోజుకు ఆరు గంటలు తగలాలి. ఇక్కడ చాలామంది పొరబడతారు: అపార్టుమెంటుకు ఉత్తరాన ఉన్న ఖాళీ జూన్‌లో వెలుగుగానే కనిపిస్తుంది. డిసెంబరులో 50 అడుగుల భవనం నీడ మిట్టమధ్యాహ్నం కూడా 40 అడుగులు దాటి పడుతుంది. టమాటా వేసేది ఆ చలికాలానికే కదా!

అడుగు లోతు తవ్వి చూడండి. సిమెంటు పెళ్లలు, సున్నం కనిపిస్తే ఆ నేల క్షారగుణంతో ఉంటుంది. మొక్కకు ఇనుము అందదు, లేతాకులు పసుపు రంగుకు తిరిగి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటాయి. యూరియా వేసినా లాభం లేదు. అలాంటిచోట అడుగు ఎత్తు మడి కట్టి మట్టి బయటి నుంచి తేవాలి. మనం చెప్పుకున్న మడికి 40 ఘనపుటడుగులు పడుతుంది: 20 ఎర్రమట్టి, 13 బాగా మాగిన ఎరువు, మిగతాది కొబ్బరిపొట్టు. కొబ్బరిపొట్టులో ఉప్పు ఉంటుంది, రెండుసార్లు నానబెట్టి పిండాలి. మడికి కిలో వేపపిండి కలిపితే వేరు నులిపురుగుల (వేళ్లను పట్టే, కంటికి కనపడనంత సన్నని పురుగులు) బెడద తగ్గుతుంది. పచ్చిపేడ మాత్రం వద్దు. వేరుపురుగునూ చెదలునూ పిలిచి భోజనం పెట్టినట్టే.

ఏం వేయాలి? కొత్తవాళ్లకు ఆకుకూరలే మేలు. తోటకూర నెల తిరక్కుండానే కోతకొస్తుంది. టమాటాకు ఆకుముడత భయముంటే బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ల అర్క రక్షక్ తట్టుకుంటుంది. అది హైబ్రిడ్ (సంకరజాతి), దాచిన విత్తనానికి అవే గుణాలు రావు కాబట్టి విత్తనం దాచుకోవద్దు. దాన్ని గేటు పక్కన నాటితే పండు ఎర్రబడేదాకా ఉండదు! అక్కడ గోంగూర వేయండి, దారినపోయేవాళ్లు గుప్పెడు కోసుకున్నా మళ్లీ చిగురిస్తుంది.

పంట పంపకం మొదటి రోజే తేల్చుకోండి. ఇంటికో మడి ఇస్తారా, అంతా ఉమ్మడా? సగం అది, సగం ఇది అన్నచోటే తగాదాలు. ఉమ్మడి అయితే కోత వారానికి రెండు రోజులే, పొద్దున్నే, అందరి ఎదుట.

మే నెలలో నీళ్లు చాలకపోతే మొండికేయకండి. రెండు మడులు ఖాళీ చేసి, వాటి మీది షేడ్‌నెట్ తీసేసి, బాగా తడిపి, పారదర్శకమైన పాలిథిన్ షీటు బిగుతుగా పరచి అంచులు మట్టితో కప్పేయండి. ఐదారు వారాల ఎండకు కలుపు గింజలు, నులిపురుగులు చాలావరకు చస్తాయి. తుంగ గడ్డలు మాత్రం చావవు, వాటిని తవ్వి ఏరాల్సిందే. షీటు తీసి, వాన పడ్డాక తోటకూర చల్లండి.