పాత మారుతి 800లో ఈ నల్ల డబ్బా ఏంటి? చేతి వ్యాక్యూమ్ పంపు రివ్యూ

అందరికీ నమస్కారం, తిరుపతి నుంచి మాట్లాడుతున్నా. నా వెనక బానెట్ ఎత్తి ఉన్న బండి మా మామది. మారుతి 800, ఏసీ ఉన్న కార్బురేటర్ మోడల్. కార్బురేటర్ అంటే గాలి, పెట్రోలు కలిపి ఇంజనుకు పంపే సామాను. దీని జబ్బు ఒకటే. లీలామహల్ సర్కిల్లో సిగ్నల్ పడి ఆగితే, ఏసీ ఆన్‌లో ఉంటే ఇంజను వణికి ఆగిపోతుంది. ఏసీ ఆపితే బండి బాగుంటుంది గానీ, మే నెలలో మామ బాగుండడు.

ఇదిగో, కెమెరా దగ్గరికి తెస్తున్నా. అగ్గిపెట్టంత నల్ల డబ్బా. రెండు రబ్బరు పైపులు, రెండు వైర్లు, నెత్తిన చిన్న టోపీ. ఒక మెకానిక్‌కి చూపిస్తే "పొల్యూషన్ సామాను సామీ, పీకేద్దాం" అన్నాడు. ఇంకొకాయన ఫోటో తీసుకుని పోయాడు, మళ్ళీ ఫోన్ ఎత్తలేదు.

ఇలాంటి పార్టును ముఖం చూసి గుర్తుపట్టలేం. పైపు పట్టుకుని అది ఎక్కడికి పోతుందో చూడాలి. కీ తీసేసి, ఇంజను చల్లారాకే చేయి పెట్టండి. పెట్రోలు పైపును మాత్రం కదిలించొద్దు.

దీంట్లో ఒక పైపు కార్బురేటర్ పక్కనున్న గుండ్రటి రేకు డబ్బాకు పోయింది. రెండోది ఇన్‌టేక్ మానిఫోల్డ్ వైపు, అంటే కార్బురేటర్ నుంచి ఇంజనులోకి పోయే గొట్టం వైపు. వైర్లు చూస్తే, ఏసీ వేసినప్పుడు మాత్రమే కరెంటు వస్తోంది. ఇంకేముంది, దొంగ దొరికాడు. ఇది వ్యాక్యూమ్ స్విచింగ్ వాల్వ్, వీఎస్వీ అంటారు.

పనేంటంటే, టెంకాయ నీళ్ల స్ట్రా కొన నొక్కిపట్టి పీలిస్తే బుగ్గలు లోపలికి పోతాయి కదా, ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా బండి ఆగి ఉన్నప్పుడు, థ్రాటిల్ అనే గాలి తలుపు మూసుకుని ఉంటే మానిఫోల్డ్‌లోనూ అదే లాగుడు. ఏసీ వేయగానే ఈ వాల్వ్ తెరుచుకుని ఆ లాగుడును రేకు డబ్బాకు పంపుతుంది. అందులోని డయాఫ్రమ్ అనే రబ్బరు పొర థ్రాటిల్‌ని ఒక నూలంత తెరుస్తుంది. ఏసీ కంప్రెసర్ బరువు పడినా ఇంజను తట్టుకుంటుంది. ఏసీ ఆపితే నెత్తిమీది టోపీ లోంచి గాలి వచ్చి డయాఫ్రమ్ వెనక్కి పోతుంది. టోపీలో ఉండేది ఫిల్టర్.

ఇప్పుడు పంపు సంగతి. చూడ్డానికి పిస్తోలులా ఉంది, నొక్కేకొద్దీ గాలి లాగుతుంది. ఆ లాగుడు ఎంతో దీని గేజ్ పాదరసం ఇంచీల్లో చూపిస్తుంది. రేకు డబ్బాకు తగిలించి 15 ఇంచీల దాకా లాగాను. గేజ్ ముల్లు అక్కడే నిలబడింది, కిందికి జారలేదు, అంటే డయాఫ్రమ్ చిరగలేదు. వాల్వ్‌కి బ్యాటరీ కరెంటు ఇస్తే 'టిక్' మంది. ఊది చూస్తే దారి కూడా మారుతోంది. అన్నీ బాగున్నాయి, మరి జబ్బెక్కడ?

మానిఫోల్డ్ వైపు పైపు పీకాను. చూడండి, లోపల స్క్రూ! పైపు కొన చీలి గాలి లీకవుతుంటే, మార్చకుండా ఎవరో మహానుభావుడు బిరడా కొట్టేశాడు. ఇక లాగుడు వాల్వ్ దాకా వస్తే కదా! మూర పైపు కొనుంటే సరిపోయేది.

కొత్త పైపు వేసి, గేజ్‌ని మానిఫోల్డ్‌కి కలిపితే ఐడిల్‌లో 18 ఇంచీల దగ్గర నిలకడగా ఉంది. 17 నుంచి 21 మధ్య ఉంటే మామూలే. తిరుమల మీద ఇదే బండి సుమారు రెండు ఇంచీలు తక్కువ చూపిస్తుంది, కంగారుపడొద్దు. ఎత్తుకు పోతే గాలి ఒత్తిడి తగ్గుతుంది, అంతే.

పంపుకి నా మార్కులు పదికి ఏడు. గేజ్ మంచిది. కూడా ఇచ్చిన ప్లాస్టిక్ అడాప్టర్లు మాత్రం దండగ, ఒకటి మొదటి రోజే విరిగింది. పాత కార్బురేటర్ బండి ఉంటే కొనండి, కొత్త బండి వాళ్ళకి పెద్దగా పనికిరాదు.

నిన్న సాయంత్రం అదే సిగ్నల్లో ఏసీతో నిలబడ్డాం. ఇంజను కాస్త గొంతు పెంచిందే తప్ప ఆగలేదు. స్క్రూ మాత్రం మామ డాష్‌బోర్డు మీద పెట్టుకున్నాడు. కొట్టినవాడు దొరికితే చేతిలో పెడతాడంట.