టైరెక్కించడం బలంతో అయ్యే పని కాదు

హోస్ట్: నమస్తే. ఈ ఎపిసోడ్ సొంతంగా చిన్న బండి కట్టుకునేవాళ్ల కోసం. కాలేజీ పిల్లల గోకార్టు కావచ్చు, పొలంలో ఎరువు బస్తాలు మోసే బ్యాటరీ బండి కావచ్చు. మోటారు గురించి, ఛాసిస్ గురించి యూట్యూబులో గంటలకొద్దీ చెప్తారు. టైరు దగ్గరికొచ్చేసరికి “ఎక్కించండి” అని ఒక్క ముక్కతో తేల్చేస్తారు. ఆ ఒక్క ముక్క గురించి మాట్లాడటానికి విజయవాడ ఆటోనగర్ నుంచి ఒకాయన వచ్చారు. ఏళ్ల తరబడి స్కూటర్లకీ ఆటోలకీ టైర్లు మార్చిన చెయ్యి. పేరెందుకమ్మా, బాబాయ్ అంటే చాలన్నారు.

బాబాయ్: నమస్కారం అమ్మా. మైకు ముందు కూర్చోవడం కొత్త. గట్టిగా మాట్లాడితే చెప్పు, షాపులో కంప్రెసర్ మోత మధ్య మాట్లాడే అలవాటు.

హోస్ట్: పర్లేదు బాబాయ్. మీ దగ్గరికి ఇంజినీరింగ్ పిల్లలు వస్తుంటారు కదా, ఏం పట్టుకొస్తారు?

బాబాయ్: రిమ్ము ఒకచోట కొంటారు, టైరు ఇంకోచోట కొంటారు. రెండూ నా ముందు పడేసి “ఎక్కించండి అంకుల్” అంటారు. ముందు నేను చూసేది టైరు మీద అంకెలు. ఆటో టైరు మీద 4.00-8 అని ఉంటుంది. అంటే వెడల్పు 4 అంగుళాలు, రిమ్ము 8 అంగుళాలు. పాత చేతక్ స్కూటరుది 3.50-10. యాక్టివాది 90/100-10. ఇక్కడ 90 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు, 100 అంటే రిమ్ము అంచు నుంచి పైకి టైరు పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి నూరు శాతం, 10 మాత్రం అంగుళాల్లో రిమ్ము. అసలు గోకార్టు టైరుకొస్తే లెక్క మళ్లీ మారుతుంది. 10×4.50-5 అని రాస్తారు. అందులో ముందున్న 10 టైరు మొత్తం ఎత్తు. అది చూసి 10 అంగుళాల రిమ్ము కొనేస్తారు.

హోస్ట్: అంటే చివరి అంకె చూడాలి.

బాబాయ్: అంతే. చివర ఉన్నదే రిమ్ము సైజు. ఇంకొకటి, పాత రిమ్ము దొరికితే టేపు పెట్టి కొలుస్తారు. టేపు బయటి అంచు మీద పెడితే ఎక్కువ చూపిస్తుంది. టైరు కూర్చునేది ఆ అంచు లోపల, మెట్టులా ఉండే చోట. కొలత అక్కడ తీయాలి. రిమ్ము మీద సైజు పోతపోసి ఉంటే ఇక కొలవక్కర్లేదు, అదే నమ్ము.

హోస్ట్: అర అంగుళం తేడా ఉంటే ఎలాగోలా సర్దుకోదా?

బాబాయ్: సర్దుకోదమ్మా! టైరు అంచులో, బీడింగ్ అంటాం మేము, లోపల స్టీలు తీగ ఉంటుంది. రబ్బరు సాగుతుంది, తీగ సాగదు. అమెరికాలో 16 అంగుళాల టైరుని 16.5 రిమ్ముకి ఎక్కించి, కూర్చోవట్లేదని గాలి కొడుతూ పోతే తీగ తెగి, టైరు పేలి మనుషులు పోయారు. అర అంగుళమే తేడా.

హోస్ట్: తీగ సాగనప్పుడు సరైన సైజు టైరు మాత్రం ఎలా ఎక్కుతుంది? రిమ్ము అంచు టైరు నోటికంటే పెద్దదే కదా.

బాబాయ్: అదీ అసలు ప్రశ్న. రిమ్ముని అడ్డంగా కోసి చూస్తే మధ్యలో గుంట ఉంటుంది. ఆ గుంట అందం కోసం పెట్టింది కాదు. టైరు అంచుని ఒక పక్క ఆ గుంటలోకి నొక్కి పెడితే, ఎదురు పక్క అంత వదులు వస్తుంది. ఆ వదులుతోనే మిగతా అంచు రిమ్ము దాటుతుంది.

హోస్ట్: మట్టి గాజులు వేయించుకున్నట్టు! గాజు సాగదు కాబట్టి గాజులాయన బొటనవేలు లోపలికి మడిచి, చెయ్యే చిన్నది చేస్తాడు.

బాబాయ్: సరిగ్గా అదే. ఆయన సబ్బు కూడా రాస్తాడు, మనమూ సబ్బు నీళ్లే రాస్తాం. పిల్లలు చేసేదేంటంటే, లివరు, అంటే టైరు ఎక్కించే ఇనుప పట్టీ, పెట్టి ఒక పక్క లాగుతుంటారు, ఎదురు పక్క అంచు గుంటలోంచి పైకొచ్చేసి ఉంటుంది. అది చూసుకోరు. ఇంకా పెద్ద రాడ్డు తెస్తారు. ట్యూబు చిరుగుతుంది, అంచు చిట్లుతుంది, అల్యూమినియం రిమ్ము అయితే నొక్కుకుపోతుంది. నేనైతే మోకాలు ఎదురు పక్క వేసి నొక్కి ఉంచుతా. లివరు మీద బలం పెట్టాల్సి వచ్చిందంటే ఆపేసి, మోకాలు కింద అంచు ఎక్కడుందో చూస్తా. పెద్ద కారు టైరుకంటే ఈ 8 అంగుళాలు, 5 అంగుళాలవే మొండివి. చుట్టుకొలత చిన్నది, దొరికే వదులు తక్కువ.

హోస్ట్: వాటికేమైనా చిట్కా ఉందా?

బాబాయ్: ఎండ. టైరుని ఒక అరగంట ఎండలో పడేస్తే మెత్తబడుతుంది. బెజవాడ ఎండ దేనికైనా పనికొచ్చిందంటే దీనికే. తర్వాత, చాలా రిమ్ములకి గుంట సరిగ్గా నడిమధ్యన ఉండదు, ఒక పక్కకి జరిగి ఉంటుంది. ఏ పక్కకి దగ్గరగా ఉందో ఆ పక్క పైకి పెట్టుకుని అటువైపు నుంచే ఎక్కించాలి. తిప్పి పెడితే రోజంతా కుస్తీ పట్టినా ఎక్కదు. ట్యూబు టైరైతే చివరి ముక్క వాల్వు దగ్గర ముగిసేలా మొదలుపెట్టాలి. వాల్వు ఉన్నచోట ట్యూబు మందంగా ఉంటుంది, అంచు గుంటలోకి దిగదు. అందుకే దాన్ని ఆఖరికి ఉంచుతాం. ఎక్కాక వాల్వుని ఒకసారి లోపలికి నొక్కి వదలాలి, కింద ట్యూబు ఇరుక్కుని ఉంటే బయటపడుతుంది. ట్యూబుకి ముందే కాస్త గాలి, కాస్త పౌడరు. ఇది అందరికీ తెలిసిందే.

హోస్ట్: సబ్బు నీళ్లకి బదులు గ్రీజు రాయొచ్చా? ఒక కుర్రాడు అడిగాడు.

బాబాయ్: వద్దు. గ్రీజు, ఇంజిన్ ఆయిల్ రబ్బరుని ఉబ్బిస్తాయి. పైగా ఆరవు. బ్రేకు వేసినప్పుడు రిమ్ము ఆగితే టైరు జారి తిరుగుతుంది, ట్యూబు వాల్వు మొదలు దగ్గర తెగుతుంది. సబ్బు నీళ్లు ఎండిపోతాయి కాబట్టి ఆ గొడవ ఉండదు.

హోస్ట్: చేతక్ చక్రాలు గోకార్టుకి తెగ వాడుతుంటారు. వాటి రిమ్ము రెండు ముక్కలు కదా, లివరు గోలే లేదు, విప్పి బిగించేయొచ్చు.

బాబాయ్: సుఖమే, కానీ నాకు భయం వేసేది ఆ చక్రమే. దానికి రెండు వరసల నట్లుంటాయి. ఒక వరస చక్రాన్ని డ్రమ్ముకి పట్టి ఉంచేది, ఇంకో వరస రిమ్ము రెండు ముక్కల్ని కలిపి ఉంచేది. చక్రం ఊడదీద్దామని గాలి ఉండగానే ఆ రెండో వరస విప్పారనుకో, వందల కిలోల బలంతో ముక్కలు విడిపోతాయి. చెయ్యి ఉంటే చెయ్యి, మొహం ఉంటే మొహం. వాల్వు లోపలి పిన్ను తీసెయ్యాలి, చప్పుడు ఆగాక బొటనవేలితో టైరు నొక్కి చూడాలి, అప్పుడు పాన పట్టుకోవాలి. బిగించేటప్పుడు ట్యూబు రెండు ముక్కల మధ్య నలగకుండా చూసుకుని, నట్లు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి. అన్నీ బిగిసేదాకా గాలి మాటే ఎత్తొద్దు.

హోస్ట్: రిమ్ముకి వెల్డింగ్ చేయించేవాళ్లు కూడా ఉన్నారు. హబ్బు సరిపోదని ప్లేటు వేసి అతికిస్తారు.

బాబాయ్: టైరు విప్పేసి, చక్రం గుండ్రంగా తిరుగుతోందో లేదో చూసే పనివాడితో చేయిస్తే సరే. టైరు ఉండగా మాత్రం వెల్డింగ్ పెట్టొద్దు. “గాలి తీసేశాం కదా అంకుల్” అంటారు. గాలి తీసినా సరే. ఆ వేడికి లోపల రబ్బరు కాగి, మండే గ్యాసు పుడుతుంది. అది అంటుకుంటే టైరు బాంబే. పెద్ద లారీ చక్రాల దగ్గర ఇలా ప్రాణాలు పోయాయి.

హోస్ట్: సరే, టైరెక్కింది. ట్యూబ్‌లెస్ అనుకుందాం. గాలి కొడుతుంటే పక్కల నుంచి బుస్సుమని పోతోంది.

బాబాయ్: అంచు రిమ్ముకి తగలట్లేదన్నమాట. టైరు నడినెత్తి మీద చుట్టూ తాడు కట్టి, కర్రముక్క పెట్టి మెలితిప్పు. మధ్యలో నొక్కుకుని అంచులు పక్కలకి తన్నుకొస్తాయి. వాల్వు పిన్ను తీసి కొడితే గాలి ఒక్కసారిగా వెళ్తుంది. టప్ టప్ అని రెండు చప్పుళ్లు వినపడాలి, పక్కకి ఒకటి. అంచులు పట్టుకోగానే తాడు వదిలెయ్. చాలా టైర్ల పక్కన రాసే ఉంటుంది, కూర్చోబెట్టేటప్పుడు 40 పీఎస్ఐ దాటొద్దని. కూర్చోకపోతే గాలి తీసి, మళ్లీ సబ్బు రాసి మొదటి నుంచి చెయ్యాలి. పెట్రోలు చల్లి అంటించే వీడియోలు చూసి రావొద్దు, దండం పెడతా. గాలి కొట్టేటప్పుడు టైరు మీదకి వంగొద్దు కూడా, పొడుగు పైపు పెట్టుకుని పక్కకి నిలబడాలి.

హోస్ట్: కూర్చుందని ఎలా తెలుస్తుంది?

బాబాయ్: రిమ్ము అంచుని ఆనుకుని టైరు మీద సన్న గీత ఒకటి చుట్టూ ఉంటుంది. చక్రం తిప్పుతూ చూడు. ఆ గీతకీ రిమ్ముకీ మధ్య ఎడం అంతటా ఒకేలా ఉండాలి. ఒకచోట గీత లోపలికి దిగిపోయిందంటే అక్కడ కూర్చోలేదు. బండి తడబడుతుంది.

హోస్ట్: ఆటో టైరు వేస్తే గాలి కూడా ఆటోకి పెట్టినంతే పెట్టాలా?

బాబాయ్: ఆటో బరువు వేరు, అందులో ఎక్కే జనం వేరు. మీ గోకార్టు మనిషితో కలిపి ఏ రెండొందల కిలోలో. అంత గాలి పెడితే బంతిలా ఎగురుతుంది. సుద్దముక్కతో టైరు మీద అడ్డంగా గీత గియ్యి, నేల మీద తిన్నగా కొంచెం దూరం నడుపు. మధ్యలోనే చెరిగితే గాలి ఎక్కువ, రెండు అంచుల్లో చెరిగితే తక్కువ.

హోస్ట్: ఇది చాలా బాగుంది. ఆఖరి ప్రశ్న. తోపుడు ట్రాలీ టైరు కూడా 4.00-8 అనే ఉంటుంది, ధర తక్కువ. అదే వేసుకోవచ్చా?

బాబాయ్: సైజు ఒకటే, సత్తా ఒకటి కాదు. అది మనిషి నడిచే వేగానికి చేసింది. పీఆర్, అంటే ప్లై రేటింగ్, టైరు ఎంత బరువు తట్టుకుంటుందో చెప్పే అంకె, అది చూడు, ట్రాలీ దాని మీద 2 ఉంటే ఆటో దాని మీద 6, 8 ఉంటాయి. మోటారు పెట్టిన బండికి ఆటో టైరే. సెకండ్ హ్యాండ్ కొంటే టైరు పక్కన డీఓటీ అని మొదలయ్యే అక్షరాల వరస చివర నాలుగంకెలు చూడు. 2319 అంటే 2019లో 23వ వారం చేసింది. షాపువాడు కొత్తగా కనపడాలని నల్ల పాలిష్ కొడతాడు. పక్కన వంచి చూస్తే సన్న పగుళ్లు బయటపడతాయి.

హోస్ట్: వినేవాళ్లకి ఒక మాట. రిజిస్ట్రేషన్ లేని సొంత బండిని రోడ్డెక్కించకండి, గ్రౌండులోనో పొలంలోనో నడపండి. వచ్చే ఎపిసోడ్ బ్రేకుల మీద. స్కూటరు డ్రమ్ము బ్రేకు నాలుగు చక్రాల బండికి సరిపోతుందా అని చాలామంది అడిగారు. బాబాయ్, దానికీ రావాలి.

బాబాయ్: ఆదివారం పెట్టుకో అమ్మా, షాపు సెలవు.