వంకాయ రంగు లింకు

శ్రోతలందరికీ నమస్కారం. విజయవాడలో నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరి తొమ్మిదేళ్లయింది. మొదటి రెండేళ్లూ రోజూ ఒకటే భయం. నాకేమీ రాదన్న సంగతి ఇవాళో రేపో వీళ్లకు తెలిసిపోతుందని.

పనికి వంక పెట్టినవాళ్లు లేరు. పైగా మెచ్చుకున్నారు. మెచ్చుకున్న రోజే టెన్షన్ ఎక్కువ. ఏదో కలిసొచ్చింది, ఈసారి దొరికిపోతాను అనుకునేదాన్ని. నేను రాసిన కోడ్‌ని తోటివాళ్లు చూసి రివ్యూ రాశారని మెయిల్ కనబడితే, లేచి వెళ్లి మంచినీళ్లు తాగొచ్చాకే తెరిచేదాన్ని. తీరా చూస్తే, 'ఈ వేరియబుల్‌కి అర్థమయ్యే పేరు పెట్టు' అని ఒక్క ముక్క ఉండేది. దానికే ఆ పూట అన్నం సయించేది కాదు.

దీన్ని ఇంపోస్టర్ సిండ్రోమ్ అంటున్నారు. 1978లో అమెరికాలో పౌలీన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే ఇద్దరు మనస్తత్వ నిపుణులు దీని గురించి రాశారు. బాగా చదువుకుని పైకి వచ్చిన స్త్రీలే, తమకు తెలివి లేదనీ అందర్నీ మోసం చేస్తున్నామనీ నమ్మడం వాళ్లు చూశారు. మగవాళ్లలోనూ ఉంటుందని తర్వాత తేలింది. ఇది జబ్బుల జాబితాలో లేదు. ఇలాంటివాళ్లు నలుగురూ ఒకచోట కూర్చుని మాట్లాడుకుంటే మేలని క్లాన్స్, ఐమ్స్ చెప్పారు. నిజమే, పక్కమనిషి 'నాకేమీ రాదు' అంటుంటే, అది ఎంత అబద్ధమో మనకు ఇట్టే తెలిసిపోతుంది.

నా విషయంలో అది ఒక మధ్యాహ్నం జరిగింది. మా టీమ్‌లో పన్నెండేళ్ల అనుభవమున్న ఒకావిడ, మేమంతా అక్కా అనే పిలుస్తాం, తన స్క్రీన్ చూపిస్తూ నాతో పనిచేస్తున్నారు. గిట్ అంటే కోడ్‌లో చేసిన మార్పుల్ని వరసగా దాచిపెట్టే సాధనం. అందులో చివరి కమిట్‌ని, అంటే చివరగా దాచిన మార్పుని, వెనక్కి తీసుకోవాలి. ఆవిడ గూగుల్ తెరిచి, 'చివరి కమిట్ వెనక్కి తీయడం ఎలా' అని టైప్ చేశారు. తెరవని లింకులు నీలంగా ఉంటాయి, ఒకసారి తెరిచినవి వంకాయ రంగులోకి మారతాయి కదా. అక్కడ పైనున్న లింకు వంకాయ రంగులో ఉంది. అంటే ఆవిడ ఇదే సంగతి అంతకుముందూ వెతుక్కున్నారు. నాలాగే. కాకపోతే నేను ఎవరూ చూడకుండా వెతికేదాన్ని.

ఆటోనగర్‌లో లారీ ఇంజన్లు బాగుచేసే మా మావయ్యకి ఇదంతా చెబితే, "విప్పకముందే రోగం తెలిస్తే ఇక షెడ్డెందుకమ్మా?" అన్నాడు. ఆ తర్వాత నేనొక నోట్‌బుక్ పెట్టాను. పొద్దున తెలియనిదేంటి, సాయంత్రానికి ఎలా తెలిసింది, ఈ రెండే రాస్తాను. భయం వేసిన రోజు పాత పేజీలు తిప్పుతాను.

అడిగితే నలుగురిలో చిన్నబుచ్చే ఆఫీసులూ ఉన్నాయి. అక్కడ లోపం మీ మనసుది కాదు. దిగులుతో నిద్ర పట్టకపోతే డాక్టరుకి చెప్పండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌కి, 14416కి, ఫోన్ చేయండి. ఉచితం. తెలుగులోనే మాట్లాడతారు.

గుంటూరు నుంచి రైల్లో వచ్చే కుర్రాడొకడు కొత్తగా చేరాడు. మూడు రోజులుగా పొద్దుటి మీటింగ్‌లో "అయిపోవచ్చిందక్కా" అంటున్నాడు. ఆ మాట నాకు బాగా తెలుసు. నిన్న అతని పక్కన కుర్చీ వేసుకుని, నా ల్యాప్‌టాప్‌లో అతని ఎర్రర్‌నే వెతికాను.

"మీరూ ఇది ముందే చూశారా అక్కా?" అన్నాడు లింకు రంగు చూసి.

"చాలాసార్లు" అన్నాను.