పట్టు వదిలితేనే తొడుగు

అందరికీ నమస్కారం.

మైలిన్ అనే కొవ్వు పొరల తొడుగు ఉన్న లావుపాటి నాడీతంతువులో సంకేతం సెకనుకు దాదాపు 100 మీటర్లు పరుగెడుతుంది. తొడుగు లేని సన్నటి తంతువులో అదే సంకేతం సెకనుకు ఒక మీటరు నడిస్తే గొప్ప. ఇది మీలో చాలామంది చదివిందే. ఆ తొడుగు చుట్టే కణం అక్కడికి ఎలా చేరుకుందన్నది ఈ పూట నా విషయం. అది పుట్టేది ఒకచోట, పని చేసేది ఇంకోచోట.

పిండంలో వెన్నుపాము ఇంకా సన్నటి గొట్టంలా ఉన్నప్పుడు దాని అడుగు నుంచి సోనిక్ హెడ్జ్‌హాగ్ అనే ప్రోటీన్ ఊరుతుంది. అది సరైన మోతాదులో అందిన ఇరుకైన పట్టీలో ఆలిగ్2 జన్యువు పనిలోకి దిగుతుంది. ముందు అక్కడ కండరాలను కదిలించే నాడీకణాలు పుడతాయి. వాటి వంతు అయ్యాక అదే పట్టీ ఆలిగోడెండ్రోసైట్ల పూర్వకణాలను కంటుంది. మెదడులో, వెన్నుపాములో తొడుగు చుట్టే కణాలే ఆలిగోడెండ్రోసైట్లు, అవి ఈ పూర్వకణాల నుంచే తయారవుతాయి. చిట్టెలుక పిండంలో ఇది సుమారు 12.5వ రోజున మొదలవుతుంది.

పుట్టిన పూర్వకణాన్ని అక్కడే ఉన్న నెట్రిన్-1 అనే ప్రోటీన్ అవతలికి నెడుతుంది. ఇదే నెట్రిన్ కొన్ని ఆక్సాన్‌లను, అంటే నాడీకణాల పొడవాటి తంతువులను, మాత్రం దగ్గరికి పిలుస్తుంది! పిలుపు ఒకటే, వినే గ్రాహకాలను బట్టి రమ్మన్నట్టో పొమ్మన్నట్టో అవుతుంది. నాకు ఈ రంగంలో అన్నిటికన్నా అందంగా తోచే సంగతి ఇదే.

మరి దారి? 2016లో వెలువడిన పరిశోధన చూపించిందేమిటంటే, ఈ కణాలు రక్తనాళాల గోడలు పట్టుకుని పాకుతాయి, ఒక నాళం నుంచి ఇంకోదానికి మారతాయి. రక్తనాళాలు సరిగా అల్లుకోని చిట్టెలుక పిండాల్లో వాటి వలస కుంటుపడింది. వింట్ అనే ప్రోటీన్ల సంకేతం ఉన్నంతసేపూ ఆ పట్టు సడలదు. మెదడు, వెన్నుపాము దాటి బయటి నరాల్లో తొడుగు చుట్టే ష్వాన్ కణాల కథ వేరు. అవి ఆక్సాన్ వెంటే నడుస్తాయి, న్యూరెగ్యులిన్ సంకేతం వాటిని నడిపిస్తుంది.

ఇక ఆగడం. జీబ్రాచేప పిల్ల ఒళ్లు పారదర్శకం కాబట్టి బతికుండగానే చూడొచ్చు. పూర్వకణం సన్నటి వేళ్లు చాచి నలువైపులా తడుముతుంది. పక్క కణం వేలు తగిలిందా, వెనక్కి లాక్కుంటుంది. అలా సర్దుకుంటూ కణాలన్నీ ఎడంగా నిలబడతాయి. లేజర్‌తో ఒకదాన్ని తీసేస్తే, ఇరుగుపొరుగు కణాలు ఆ ఖాళీలోకి వచ్చి పూడుస్తాయి. ఎవరి చోటు ఎక్కడో ముందే రాసిపెట్టి లేదు, తాకి తెలుసుకోవలసిందే.

ప్రయాణం గురించి ఎంత మాట్లాడతామో, ఈ ఆగడం గురించి అంత మాట్లాడం. అది పొరపాటని నా నమ్మకం. తొడుగు చుట్టాలంటే కణం ముందు రక్తనాళాన్ని వదలాలి. మైలిన్ తొడుగు దెబ్బతినే జబ్బు మల్టిపుల్ స్క్లెరోసిస్. ఆ రోగుల మెదడులో కొన్ని దెబ్బతిన్న చోట్ల ఈ పూర్వకణాలు నాళాల చుట్టూ గుమిగూడి ఉండటం 2019లో బయటపడింది. అవి అంతదూరం వచ్చాయి. చేతికందేంత దూరంలో తొడుగు ఊడిన ఆక్సాన్‌లు ఉన్నాయి. అయినా అవి నాళాల పట్టు వదల్లేదు.