మానిటర్లు మార్చే ముందు గదిని వినండి

అందరికీ నమస్కారం.

ఇంట్లో స్టూడియో పెట్టుకున్నవారు మిక్స్ (వాద్యాలు, గొంతులు కలిపి తయారుచేసిన పాట) బయట సరిగా వినిపించకపోతే ముందుగా మానిటర్లనే, అంటే స్టూడియో స్పీకర్లనే అనుమానిస్తారు. అది చాలాసార్లు అన్యాయం. మంచి మానిటర్ తనంతట తాను చేసే హెచ్చుతగ్గులు కొద్ది డెసిబెల్సే. దాన్నే చిన్న గదిలో పెట్టి కొలిస్తే, బేస్‌లో, అంటే కింది స్వరాల్లో, పది డెసిబెల్స్‌కు మించిన ఎగుడుదిగుళ్లు కనిపించడం మామూలు. ధ్వనికి రంగు పూసేది గది.

ఒక లెక్క చూడండి. గది పొడవు 3.4 మీటర్లయితే, ఎదురెదురు గోడల మధ్య సుమారు 50 హెర్ట్జ్ దగ్గర ధ్వని అల అటూ ఇటూ తగిలి నిలబడిపోతుంది. సరిగ్గా గది మధ్యలో కూర్చున్నవారికి ఆ స్వరం దాదాపు మాయమవుతుంది. వెనక గోడకు ఆనుకుని కూర్చుంటే అదే స్వరం ఉబ్బి వినిపిస్తుంది. ఇద్దరూ వింటున్నది ఒకే పాట, ఒకే మానిటర్లు! అందుకే కుర్చీని అరమీటరు జరపడం కొన్నిసార్లు కొత్త మానిటర్ల కంటే ఎక్కువ మేలు చేస్తుంది.

మానిటర్ వెనకున్న గోడ సంగతీ ఇంతే. మానిటర్ ముందుభాగం గోడకు మీటరు దూరంలో ఉంటే, గోడను తాకి తిరిగొచ్చే అల 86 హెర్ట్జ్ ప్రాంతంలో నేరుగా వచ్చే అలకు ఎదురుతిరిగి దాన్ని చంపేస్తుంది. ఆ లోటును ఈక్వలైజర్‌తో (ఎంచుకున్న స్వరాలను విడిగా పెంచే, తగ్గించే సాధనంతో) పూడ్చాలనుకోవడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే. మీరు పెంచినంతా తిరిగొచ్చే అలలోనూ పెరుగుతుంది, మళ్లీ రద్దవుతుంది. చిన్న గదుల్లో నా సలహా, మానిటర్లను గోడకు బాగా దగ్గరగా జరిపి, అలా పెరిగిన బేస్‌ను మానిటర్ వెనకుండే స్విచ్‌తో తగ్గించండి.

రెండు మానిటర్లూ మీ తలా సమభుజ త్రిభుజంగా ఉండాలని, ట్వీటర్ (మానిటర్‌లో సన్నని స్వరాలు పలికే చిన్న స్పీకర్) చెవి ఎత్తులో ఉండాలని మీకు తెలిసే ఉంటుంది. పక్కగోడల మీద అద్దం జరుపుతూ, కుర్చీలోంచి మానిటర్ కనిపించిన చోట ధ్వనిని పీల్చే శోషక పలకలు పెట్టండి. దయచేసి పలుచని ఫోమ్‌తో గదంతా కప్పకండి. అది సన్నని పైస్వరాలను మాత్రమే మింగి, బేస్ మోతను అలాగే వదిలేస్తుంది. అప్పుడు గదిలో ధ్వని మరింత మసకబారుతుంది. పలకలకు కనీసం పది సెంటీమీటర్ల మందం, మూలల్లో ఇంకా ఎక్కువ మందం కావాలి.

ఎంత శబ్దంతో వింటున్నామన్నదీ ముఖ్యమే. శబ్దం తగ్గేకొద్దీ చెవికి బేస్ మరింతగా తగ్గినట్టు తోస్తుందని శాస్త్రవేత్తలు ఫ్లెచర్, మన్సన్ 1933లోనే చూపారు. మెల్లగా వింటూ బేస్ పెంచితే, పెద్దగా వినిపించినప్పుడు అది గాయకుడి గొంతును మింగేస్తుంది. ఒక స్థాయిని గుర్తు పెట్టుకుని రోజూ అక్కడే పని చేయండి. చిన్న గదికి 75 డెసిబెల్స్ చుట్టుపక్కల సరిపోతుంది.

ఇవన్నీ అయ్యాకే కొలత మైకు పెట్టి గదిలో ధ్వనిని కొలవండి. గ్రాఫ్‌లో ఎత్తుగా లేచిన శిఖరాలను ఈక్వలైజర్‌తో కాస్త దించండి. లోతైన గుంటలు కనిపిస్తే మాత్రం ఈక్వలైజర్‌ను ముట్టుకోకుండా, మళ్లీ కుర్చీ జరిపి కొలవండి.