మూత తీయనిచ్చిన కంప్యూటర్

అందరికీ నమస్కారం.

ఈ బల్ల మీద నల్లటి ల్యాప్‌టాప్ ఒకటి కనిపిస్తోంది కదా, అది థింక్‌ప్యాడ్ టీ420. 2011లో వచ్చిన మోడల్. అప్పటికి నాకు ఆరేళ్లు. ఇద్దరి చేతులు మారి నా దగ్గరికి వచ్చింది. ఇప్పుడు నేను మాట్లాడబోయేది కూడా నిన్న రాత్రి దీని మీదే టైప్ చేసుకున్నాను. "ఒక కంపెనీ సరుకు మీద నీకు ఇంత ప్రేమేంట్రా?" అని మా అన్నయ్య అడుగుతుంటాడు. అడగాల్సిన ప్రశ్నే. ఇవాళ మీ అందరి ముందూ దానికి జవాబు చెబుతాను.

మా బాబాయి దీన్ని నాకిచ్చేటప్పటికి నాకు పద్నాలుగేళ్లు. ఆన్ చేసిన పది నిమిషాలకే వేడెక్కి ఆగిపోయేది. చూపించిన చోట, "దీని పని అయిపోయింది బాబూ, కొత్తది కొనుక్కో" అన్నారు. నాకు మనసొప్పలేదు. వెతికితే దీని సర్వీస్ మాన్యువల్ దొరికింది. కంపెనీయే ఉచితంగా పెట్టింది. ఏ భాగం ముందు తీయాలి, ఏ స్క్రూ ఎంత పొడవుంటుంది, అన్నీ బొమ్మలతో సహా ఉన్నాయి. ల్యాప్‌టాప్‌ను బోర్లా తిప్పాను. రెండు స్క్రూల పక్కన చిన్న కీబోర్డ్ గుర్తు అచ్చువేసి ఉంది. కీబోర్డ్‌ను పట్టి ఉంచే స్క్రూలు ఇవే అని ఆ గుర్తుకు అర్థం. వాటిని విప్పి, కీబోర్డ్‌ను స్క్రీన్ వైపు కాస్త నెట్టి ముందు అంచు పైకి లేపితే, వచ్చేసింది. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. దీన్ని తయారుచేసిన వాళ్లు, ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు దీన్ని విప్పుతారని ముందే ఊహించి ఆ గుర్తు వేశారు. ఆ ఎవరో ఒకరు నేనే అనిపించింది.

ఫ్యాన్ దాకా వెళ్లాలంటే ఇంకా చాలా విప్పాలి. ఒక కాగితం మీద ల్యాప్‌టాప్ బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో బొమ్మలో అక్కడే టేపుతో అంటించుకుంటూ పోయాను. చివరికి ఫ్యాన్ బయటికొచ్చింది. గాలి పోయే సన్నటి రేకుల ముందు దుమ్ము మందంగా, దుప్పటి ముక్కలా పేరుకుపోయి ఉంది. ట్వీజర్‌తో లాగితే మొత్తం ఒకే పొరగా ఊడి వచ్చింది. ప్రాసెసర్ వేడి బయటికి పోవడానికి దాని మీద పూసే థర్మల్ పేస్ట్ ఎండిపోయి సున్నంలా రాలుతోంది. దాన్ని తుడిచి, కొత్త పేస్ట్ బియ్యపు గింజంత పెట్టి, అన్నీ బిగించి పవర్ బటన్ నొక్కాను. టెన్షన్‌తో అరగంట దాని ముందే కూర్చున్నాను. ఆగలేదు. గంట గడిచినా ఆగలేదు. నా ఇష్టం ఆ రోజు మొదలైంది.

ఆ తర్వాత దీని కథంతా చదివాను. ఐబీఎం అనే అమెరికా కంప్యూటర్ కంపెనీ మొదటి థింక్‌ప్యాడ్ ల్యాప్‌టాప్‌లను, వాటిలో పేరుపొందిన 700సీని, 1992 అక్టోబర్‌లో విడుదల చేసింది. 10.4 అంగుళాల కలర్ స్క్రీన్ అప్పట్లో గొప్ప. 'థింక్' అనేది ఆ కంపెనీని చాలా ఏళ్లు నడిపిన థామస్ వాట్సన్ నినాదం. ఆ మాట అచ్చువేసిన చిన్న నోట్ ప్యాడ్‌లు ఉద్యోగుల జేబుల్లో ఉండేవి. పేరు అక్కడి నుంచే వచ్చింది. రూపం ఇచ్చింది రిచర్డ్ సాపర్ అనే జర్మన్ డిజైనర్. జపాన్ వాళ్లు భోజనం సర్దుకునే నల్లటి బెంతో పెట్టె ఆయనకు స్ఫూర్తి. మూసి ఉన్నప్పుడు ఏ ఆర్భాటమూ లేని పెట్టె, తెరిస్తేనే లోపల ఏముందో తెలుస్తుంది. ఇంజినీరింగ్ పని జపాన్‌లో ఐబీఎంకే చెందిన యమాటో ల్యాబ్‌లో, అరిమాసా నైటో నాయకత్వంలో జరిగింది.

జీ, హెచ్, బీ అక్షరాల మధ్య ఉన్న ఈ ఎర్ర బొడిపె చూడండి. దీని పేరు ట్రాక్‌పాయింట్. కీబోర్డ్ మీంచి చెయ్యి తీసి మౌస్ పట్టుకుని, మళ్లీ కీబోర్డ్ మీదికి రావడానికి పట్టే సమయాన్ని తగ్గించాలని టెడ్ సెల్కర్ అనే పరిశోధకుడు దీని మీద ఏళ్ల తరబడి పనిచేశాడు. చూడ్డానికి కదిలేదానిలా ఉంటుంది గానీ ఇది దాదాపు కదలదు. వేలు ఎటువైపు, ఎంత బలంగా నొక్కుతోందో కొలిచి, దాన్నిబట్టి బాణం గుర్తును నడుపుతుంది. మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే వేగంగా. మొదటి వారం చిరాకు పెడుతుంది. ఆ తర్వాత వేలు దానంతటదే అక్కడికి వెళ్లిపోతుంది. ఎరుపు రంగుకు కంపెనీలో అభ్యంతరం వస్తే, డిజైనర్లు ఇది ఎరుపు కాదు, మెజెంటా అని వాదించారట. 1993 డిసెంబర్‌లో హబుల్ టెలిస్కోప్‌ను బాగుచేయడానికి ఎండెవర్ వ్యోమనౌక వెళ్లినప్పుడు అందులో ఒక థింక్‌ప్యాడ్ కూడా వెళ్లింది. ఇది చదివిన రోజు నాకు నిద్రపట్టలేదు.

ఇష్టమైనదాని గురించి బాధ కలిగించే సంగతులు కూడా చెప్పాలి. 2005లో ఐబీఎం తన పీసీ వ్యాపారాన్ని లెనోవో అనే చైనా కంపెనీకి అమ్మేసింది. ఇక థింక్‌ప్యాడ్ పని అయిపోయినట్టే అని చాలామంది అభిమానులు దిగులుపడ్డారు. యమాటో బృందం మాత్రం కొత్త యజమాని దగ్గరా అదే పని కొనసాగించింది. నాకు ఎక్కువ బాధ 2012 గురించి. నా దగ్గరున్న ఈ ఏడు వరసల కీబోర్డ్ ఆ ఏడాది మోడళ్లలో ఆరు వరసలైంది. అదే ఏడాది వచ్చిన ఎక్స్1 కార్బన్ అనే మోడల్‌లో ర్యామ్‌ను, అంటే కంప్యూటర్ పనిచేసేటప్పుడు వాడుకునే మెమరీని, బోర్డుకే టంకం వేసి అతికించారు. సన్నగా, అందంగా ఉంది, కాదనను. కానీ పద్నాలుగేళ్ల పిల్లాడు అందులో ర్యామ్ మార్చుకోలేడు. అది నాకు చిన్న విషయం కాదు.

2017లో పాతికేళ్ల పండుగకు థింక్‌ప్యాడ్ 25 అని ఒక ప్రత్యేక మోడల్ తెచ్చి, అందులో ఏడు వరసల కీబోర్డ్‌ను తిరిగి ఇచ్చారు. 2024లో టీ14 అనే థింక్‌ప్యాడ్ మోడల్ ఐదో తరాన్ని ఐఫిక్సిట్ అనే రిపేర్ నిపుణుల సంస్థతో కలిసి తీర్చిదిద్దారు. రిపేర్ చేసుకునే వీలుకు ఆ సంస్థ దానికి పదికి తొమ్మిది మార్కులు ఇచ్చింది. ర్యామ్ మళ్లీ చేత్తో తీసి పెట్టుకునేలా ఉంది. ఆ వార్త చదివి మా అన్నయ్యను నిద్రలేపి మరీ చెప్పాను.

మాటలు చాలు. ఇదిగో, బ్యాటరీ తీసేశాను. బోర్లా తిప్పుతున్నాను. కీబోర్డ్ గుర్తున్న స్క్రూలు ఈ రెండూ. ముందు వరసలో ఎవరైనా రండి, స్క్రూడ్రైవర్ మీరే పట్టుకోండి.