కామా ఎక్కడ నిలబడాలి?

శ్రోతలకు నమస్కారం. తిరుపతి బస్టాండులో ఎప్పుడైనా కాసేపు ఊరికే నిలబడి వినండి. "కాళహస్తి బస్సు పోయింది." ఎవరో మామూలుగా చెప్తారు. "కాళహస్తి బస్సు పోయిందా?" సంచులు మోసుకుంటూ పరుగెత్తుకొచ్చిన ఆమె అడుగుతుంది. "బస్సు పోయింది!" అని తల పట్టుకునేదీ ఆమే. ప్రశ్నకైతే చివర 'పోయిందా' అని ఒక దీర్ఘం ఉంది, ఆశ్చర్యానికి గొంతు తప్ప ఇంకేమీ లేదు, ఆ గొంతును కాగితం మీదికి తెచ్చేదే ఆశ్చర్యార్థకం గుర్తు. తాళపత్రాల్లో ఈ కామాలు, ప్రశ్నార్థకాలు లేవు, అచ్చుతోపాటు మన దగ్గరికి వచ్చాయి.

మా 5వ తరగతిలో ఆడిన ఒక ఆట చెప్తాను, నాకు చాలా ఇష్టమైనది. నాలుగు అట్టముక్కల మీద 'హెడ్మాస్టరు', 'లెక్కల సారు', 'రాలేదు', 'అన్నారు' అని రాసి నలుగురు పిల్లల చేతికిచ్చి వరసగా నిలబెట్టాను. కామా ఒక పాప. కొటేషన్లు ఇద్దరు పిల్లలు, చెరో రెండు వేళ్ళు పైకెత్తి. మొదట కామా పాప హెడ్మాస్టరు పక్కన నిలబడింది, కొటేషన్ల పిల్లలు 'లెక్కల సారు రాలేదు'కు అటూ ఇటూ నిలబడ్డారు. అందరూ చదివారు. చెప్పింది హెడ్మాస్టరు, రానిది లెక్కల సారు. సరే. ఇప్పుడు ముందున్న కొటేషన్ పిల్లవాణ్ణి ఒక్కణ్ణే హెడ్మాస్టరుకు ముందుకు జరగమన్నాను. కామా కదల్లేదు, మాటలు కదల్లేదు. మళ్ళీ చదివారు. "హెడ్మాస్టరు, లెక్కల సారు రాలేదు" అన్నారు. ఈసారి ఇద్దరూ రాలేదు! 'రాలేదు' అనే మాట ఒకరికైనా ఇద్దరికైనా ఒకటే కదా, అందుకే ఇది కుదిరింది.

టీచర్లకు, తల్లిదండ్రులకు నేను అడిగేది ఒక్కటే. గుర్తులు పెట్టమని పుస్తకం చేతికిచ్చే ముందు ఆ వాక్యాన్ని పిల్లల చేత గట్టిగా పలికించండి. ముందు నోటితో, తర్వాతే పెన్సిలుతో. ఇంట్లో 10 నిమిషాలు చాలు, పేపర్లో ఒక వార్త చదువుతూ వాక్యం ముగిసిన చోటల్లా ఒక చింతగింజ పెట్టమనండి.

ఆ రోజు వెనక బెంచీ నుంచి ఒకడు లేచి, "అయితే ఈరోజు బడి లేదు కదా మేడం" అన్నాడు. దాన్ని బోర్డు మీద రాసి, చివర ఏ గుర్తు పెట్టాలి అని అడిగాను. సగం మంది ప్రశ్నార్థకం అన్నారు. వాడి పక్కన కూర్చున్న పాప మాత్రం, "వాడు ఎగిరి చెప్పినాడు మేడం, ఆశ్చర్యార్థకమే" అంది.